సున్న కొట్టిన బిందె

మా తోటికోడలు మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టి యాభై ఏళ్ళు కావస్తోంది. మా రెండిళ్ళకూ గోడ ఒకటే. అన్నదమ్ములు తోట పంచుకున్నప్పుడు గోడకు ఇటు మేము, అటు వాళ్ళు. మా పెద్దమ్మాయి పెళ్ళికి వచ్చింది. మా ఆయన పోయినప్పుడు పదకొండు రోజులూ వచ్చింది. మనవల అన్నప్రాసనలకు అందరికన్నా ముందు వచ్చింది. వచ్చినప్పుడల్లా వాళ్ళింటి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చుకునేది. ఇప్పుడు ప్లాస్టిక్ సీసా తెచ్చుకుంటుంది. పెళ్ళి పంక్తిలో వడ్డించేవాడు గ్లాసులో నీళ్ళు పోయబోతే చెయ్యి అడ్డం పెట్టి, తన చెంబు పక్కకు జరుపుకునేది. అన్నం మాత్రం తినేది, మారు కూడా వడ్డించుకునేది. శపథం నీళ్ళకే గాని అన్నానికి లేదు.

కారణం ఒక ఇత్తడి బిందె.

ఆ బిందె మా పుట్టింటివాళ్ళు సారెలో పెట్టారు. ఆ రోజుల్లో పాత్రల మీద పేర్లు కొట్టేవాడు అక్షరానికి ఇంత అని తీసుకునేవాడు. నా పేరు పొడుగు. మా నాన్న కాసేపు ఆలోచించి, పేరెందుకు, ఒక సున్న కొట్టు చాలు, మా బిందె మాకు తెలియదా అన్నాడట. అలా బిందె భుజం మీద అర్ధరూపాయి బిళ్ళంత సున్న పడింది. కాపురానికొచ్చిన మొదటి ఏడే బావి గట్టుకు తగిలి, సున్న పక్కనే సొట్ట కూడా పడింది. మాటు వేయించలేదు. సొట్ట పడినంత మాత్రాన నీళ్ళు కారవు కదా.

ఒక ఏడు మామిడికాయల రోజుల్లో, ఇంటికి చుట్టాలొచ్చారని మా తోటికోడలు ఆ బిందె అడిగి తీసుకుంది. సాయంత్రం బావి గట్టు మీద పెట్టి వచ్చానంది. నేను వెళ్ళేసరికి గట్టు ఉంది, బిందె లేదు. మర్నాడు తోటలో కాయలు ఏరే పాకలో, పదిమంది ఆడవాళ్ళ ముందు, ఇత్తడి ఎటు పోతుందమ్మా, పాత సామాన్లవాడి తట్టలోకే పోతుంది అన్నాను. ఆమె వంక చూసే అన్నాను. ఆమె చేతిలో కాయ గంపలో పెట్టి, చీర దులుపుకుని లేచింది. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా ఆవిడింట్లో చుక్క నీళ్ళు ముట్టనంది. అంతకు ముందురోజు దాకా నన్ను అక్కా అనేది. ఆ రోజుతో ఆవిడనయ్యాను. నాకూ ఆమె ఆవిడే అయింది. ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం అంతటితో ఆగిపోయింది.

మరి రోజూ మధ్యాహ్నం రెండు గంటలసేపు పక్కపక్కన కూర్చుని పాత సినిమా కబుర్లు ఎలా చెప్పుకుంటారని మా మనవరాలు అడుగుతుంది. ఊళ్ళో పాత సినిమాలు తెలిసినవాళ్ళం నలుగురమే మిగిలాం. పోట్లాట పోట్లాటే, సినిమా సినిమాయే.

ఎండాకాలం మధ్యాహ్నాలు మా రేకుల వసారాలో చేరతాం. గాలికి రాలిన కాయలు ముందేసుకుని, ఒరుగులకు కోస్తూ మాట్లాడుకుంటాం. ఉత్తినే కూర్చుని మాట్లాడడం నాకు ఇష్టముండదు. నోరు ఆడుతున్నంతసేపూ కత్తిపీట కూడా ఆడాలి. నేనూ, మా తోటికోడలూ, ఆమె మొగుడైన మా మరిదీ, నాలుగిళ్ళ అవతలుండే టీచరుగారూ. టీచరుగారు ఉద్యోగం మీద ఈ ఊరొచ్చి, మిషను స్కూల్లో పిల్లలకు తెలుగు చెప్పి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఉండిపోయింది. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ మేము.

ఆ ఆరు రోజులూ నా మాట మా తోటికోడలికీ, ఆమె మాట నాకూ చేరవేసేది టీచరుగారే. మేమిద్దరం మూరెడు దూరంలో కూర్చుంటాం. ఆమె చెప్పేది నాకు వినపడుతుంది. అయినా టీచరుగారు చెప్పేదాకా జవాబివ్వను. ఆవిడకు చెప్పండి, ఆ నటి ఏడ్చేటప్పుడు ఒక్కసారి కూడా ముక్కు తుడుచుకోదు, అదేం ఏడుపు అని నేనంటాను. టీచరుగారు అటు తిరిగి, చిన్నమ్మగారూ, ఆ నటి దుఃఖం విషయంలో పెద్దమ్మగారికి చిన్న సందేహం ఉందటండి అంటుంది. ఎంత కారంగా అన్నా టీచరుగారి నోట్లోంచి వచ్చేసరికి పెరుగన్నంలా చప్పబడుతుంది. అదొక్కటే నాకు గిట్టేది కాదు.

ఆదివారం టీచరుగారు ఉండదు కాబట్టి మేకతో చెప్పుకునేవాళ్ళం. మామిడి తొక్కల కోసం మా మేక అక్కడే కట్టేసి ఉంటుంది. మేకా, ఆవిడకు చెప్పవే, డాక్టరొచ్చాకే కథ మలుపు తిరిగింది గాని ఆ ఏడుపుగొట్టు దానివల్ల కాదు అని నేను. మేకా, చెప్పవే, ఆ డాక్టరు మూడు మాటలు మాట్లాడి పెట్టె సర్దుకుని పోయాడు అని ఆమె. మేక ఇద్దరి వంకా చూసి తొక్క నమిలేది. మరిది పక్కనే కూర్చున్నా మాటలు మోసేవాడు కాదు. ఆడవాళ్ళ మధ్య నేను రాను అనేవాడు. ఎందుకు రాలేదో తర్వాత తెలిసింది.

మాలో ఒక్కొక్కరికి ఒక్కొక్కరంటే అభిమానం. మా తోటికోడలికి కన్నీళ్ళ నటి. ఆమె తెర మీద ఏడిస్తే ఇక్కడ ఈమె పైట తడుస్తుంది. టీచరుగారికి విలన్ అంటే ప్రాణం. మనిషి దుర్మార్గుడే గాని ఒత్తులు ఎంత స్పష్టంగా పలుకుతాడండీ అంటుంది. నాకు, పాత సినిమాల్లో ఎప్పుడూ డాక్టరు వేషం వేసే ఆయన. నేను ఆయన్ను చూడకముందే అభిమానినయ్యాను. మైలవరం వైపు మా పుట్టింటి దొడ్డి వెనకే డేరా హాలుండేది. ప్రతి రాత్రీ సినిమా మొత్తం మా దొడ్లోకి వినపడేది. వినపడుతుండగా మళ్ళీ టిక్కెట్టెందుకని మా నాన్న ఎప్పుడూ కొననివ్వలేదు. నేను మూడో తరగతితో చదువు మానేసినా, సినిమాలు మాత్రం నులకమంచం మీద పడుకుని వందల్లో విన్నాను. అందరూ ఏడుస్తూ అరుస్తూ ఉంటే ఆయనొక్కడు నెమ్మదిగా, నా ప్రయత్నం నేను చేశానండీ అనేవాడు. ఏళ్ళ తర్వాత టీవీలో ఆయన ముఖం చూస్తే సన్నగా, పీలగా ఉన్నాడు. ఆ గొంతు ఈ మనిషిది కాదని ఇప్పటికీ నా అనుమానం.

మా కబుర్లన్నీ ఇలాంటివే. ప్రసవమనగానే డాక్టరు వేడినీళ్ళు తెమ్మంటాడు కదా, అన్ని నీళ్ళూ ఏం చేస్తాడు అన్నదాని మీద మూడు రోజులు నడిచింది. చేతులు కడుక్కోవడానికని టీచరుగారు. మొగుణ్ణి గదిలోంచి బయటకు పంపడానికని మా తోటికోడలు. అందులో ఆమె అన్నదే నిజమని నాకు తోచింది గాని పైకి ఒప్పుకోలేదు. పాత సినిమాల్లో ఒక్కడు కూడా అన్నం పూర్తిగా తిన్నవాడు లేడని నేను కనిపెట్టాను. రెండు ముద్దలు తినగానే ఎవరో ఒకరు వచ్చి ఏదో అంటారు, వీడు చెయ్యి కడిగేసుకుంటాడు. ఆ విస్తట్లో అన్నమంతా ఏం చేశారన్నది యాభై ఏళ్ళుగా నన్ను పీడిస్తున్న ప్రశ్న.

ఇక మా మరిది. ఆయన వేరే ఎవరికీ అభిమాని కాదు, తనకే. బిందె పోయిన వారంలోనే మా ఊరి అవతలి తోటల్లో మూడు రోజులు షూటింగ్ జరిగింది. అందరూ పరిగెత్తారు, నేను పోలేదు, కాయలు ఏరే పని మీదున్నాను. ఆ సినిమాలో సంత దృశ్యంలో ఎద్దుబండి పక్కన నిలబడిన జనంలో ఒక తల వెనక భాగం మా మరిదిది. ఆయన చెప్పేదాన్నిబట్టి, దారిన పోతున్న డైరెక్టరు ఆయన వెనక జుట్టు చూసి కారు ఆపించాడట. ఇలాంటి తల మద్రాసులో దొరకదన్నాడట.

అప్పటినుంచి మా మరిది ఆ తలను దేవుడి సొమ్ములా చూసుకున్నాడు. ముందు జుట్టంతా ఊడిపోయింది, వెనకది మాత్రం అదే తీరు. మంగలి కుర్చీలో కూర్చోగానే వెనక ముట్టుకోకు అంటాడు. బస్సులో మొదటి సీటులో కూర్చుంటాడు, వెనకవాళ్ళందరికీ కనపడాలని. పెళ్ళి ఫోటోల్లో అందరూ కెమెరా వైపు చూస్తే ఆయన గోడ వైపు తిరుగుతాడు. మా పెద్దమ్మాయి పెళ్ళి ఆల్బంలో బాబాయి ముఖం ఒక్కచోటా లేదు.

ఆ సినిమా నూజివీడు హాలుకు వచ్చింది. నేను వెళ్ళలేదు. డబ్బు దండగ, పైగా వాళ్ళతో మాటల్లేవు. మరిది పెళ్ళాన్ని తీసుకుని మొదటి ఆటకే వెళ్ళాడు. తన దృశ్యం రాగానే నేనే, నేనే అని బెంచీ ఎక్కి నిలబడ్డాడట. ఆయన నీడ తెర నిండా పడింది. జనం గోల చేస్తే హాలువాళ్ళు మొగుడూపెళ్ళాలిద్దరినీ బయటకు పంపేశారు. సినిమా వారం కూడా ఆడలేదు. ఆ తర్వాత దాన్ని ఎవరూ ఎక్కడా చూడలేదు. కాబట్టి ఆ తలను కళ్ళారా చూసినవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు, నమ్మనివాళ్ళూ లేరు.

ఈ ఏడు కాయలు దిగుతున్న రోజుల్లో టీచరుగారి అల్లుడు ఆమెకు నెట్టుతో నడిచే పెద్ద టీవీ పెట్టించాడు. ఆమె విలన్ కోసం వెతుకుతుంటే ఆ సినిమా దొరికింది. ఎవరో పాత రీళ్ళు సంపాదించి ఎక్కించారట. ఆ మాట వినగానే మరిది మురిసిపోతాడనుకుంటే, ముఖం అదోలా పెట్టాడు. పాత బొమ్మలు కళ్ళకు మంచివి కావన్నాడు. ఇప్పుడు చూసి ఏం లాభం వదినా అన్నాడు. అంత వినయం ఆయనలో ఏనాడూ చూడలేదు. కాని మర్నాడు మధ్యాహ్నం అందరికన్నా ముందు వెళ్ళి టీవీ ఎదురుగా కూర్చున్నది ఆయనే. భయం ఒకవైపు, తల ఒకవైపు.

నలుపూ తెలుపూ బొమ్మ. కన్నీళ్ళ నటే అందులో కథానాయిక. పేదింటి పిల్ల. కాసేపటికి సంత వచ్చింది. మరిది కుర్చీ ముందుకు జరుపుకుని, బండి పక్కన చూడండి, బండి పక్కన అన్నాడు. నేను కళ్ళద్దాలు సర్దుకున్నాను. అంతలో కన్నీళ్ళ నటి చంకన బిందె పెట్టుకుని జనం ముందునుంచి నడిచి వచ్చింది.

నేను ముందు సొట్ట చూశాను. ఇత్తడి బిందెలకు సొట్టలు మామూలే అనుకున్నాను. ఆమె ఇటు తిరిగింది. సొట్ట పక్కన సున్న.

"ఆపండి టీచరుగారూ," అన్నాను.

బొమ్మ ఆగింది. లేచి వెళ్ళి అద్దం మీద వేలు పెట్టి చూపించాను. అది నా బిందె. మా నాన్న కొట్టించిన సున్న. నా వెనకనుంచి మరిది గొంతు వచ్చింది.

"వదినా, కొంచెం పక్కకి జరుగు. తల కనపడట్లేదు."

పక్కకు జరిగాను. అయినా తల కనపడలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ తల ఉండవలసిన చోట నా బిందె ఉంది. టీచరుగారు బొమ్మను కొంచెం కొంచెంగా ముందుకు జరిపింది. బిందె తప్పుకోగానే సంత అయిపోయి, విలన్ మేడ మెట్లు వచ్చాయి. వెనక్కి జరిపింది. బిందె ఇంకా తెర మీదకు రాకముందు ఆ చోట ఒక ఎద్దు కొమ్ము అడ్డముంది. చివరకు ఒకచోట, బిందె మూతికి పక్కన, ఒక చెవి కనపడింది. అది తనదేనని మరిది అన్నాడు. టీచరుగారు ఆయన చెవి వంకా, టీవీ వంకా చాలాసేపు చూసి, కాదనలేమండీ అంది.

మా తోటికోడలు అప్పటిదాకా ఒళ్ళో సీసా పట్టుకుని బొమ్మ వంకే చూస్తోంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"గట్టు మీంచి తీసింది మీరా?"

మరిది చెప్పాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది గాని సంగతి చిన్నదే. డైరెక్టరు కారు ఆపించిందీ లేదు, జుట్టు చూసిందీ లేదు. జనంలో నిలబెట్టమని ఆయనే మూడు రోజులు వాళ్ళ వెంట తిరిగాడు. కథానాయికకు బిందె కావలసి వచ్చింది. ఊళ్ళోవాళ్ళు తళతళలాడే బిందెలు పట్టుకెళితే వద్దన్నారట. పేదింటి పిల్ల కదా, సొట్టది కావాలన్నారట. సొట్ట బిందె తెచ్చినవాణ్ణి ముందు వరసలో నిలబెడతామన్నారట. ఈయనకు బావి గట్టు మీద అలాంటిదే కనపడింది. మర్నాడు సాయంత్రానికి తిరిగిస్తామని చెప్పి, తర్వాత మిగతా దృశ్యాల్లో కూడా అదే బిందె ఉండాలని మద్రాసు పట్టుకుపోయారట.

మా ఇంటి బిందె పేదింటి బిందె ఎలా అయిందని నాకు ముందు కోపం వచ్చింది. ఆ కోపం దాటి అసలు సంగతి బుర్రకెక్కడానికి కొంచెంసేపు పట్టింది.

"యాభై ఏళ్ళు నన్ను దొంగంటుంటే పక్కన కూర్చుని విన్నారు," అంది మా తోటికోడలు.

"చెబితే, బిందె ఇచ్చి వేషం కొనుక్కున్నాడంటారని," అన్నాడు మరిది.

ఆమె సీసా ఒళ్ళోంచి తీసి కింద పెట్టింది. ఇవాళ సాయంత్రం మీ వెనక జుట్టు నేను కత్తిరిస్తానంది. ఆ మాటకు మరిది లేచి, తలను రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు.

మొదలుపెట్టిన సినిమా సగంలో వదిలేయడం నాకు నచ్చదు. మిగిలింది కూడా చూశాం. నా బిందె ఇంకా మూడు చోట్ల వచ్చింది. బావి దగ్గర ఒకసారి, గుడిసెలో మూల ఒకసారి. ఆఖరికి తండ్రి చచ్చిపోయాడని కబురు రాగానే ఆ నటి బిందె వదిలేసింది. అది మెట్ల మీదుగా దొర్లి దొర్లి కిందకు పోయింది. నేను ఉండబట్టలేక లేచాను. పరాయి సొత్తు అలా వదిలేస్తారా, మెల్లగా కింద పెట్టి ఏడవకూడదా అన్నాను. మా తోటికోడలు పైట కళ్ళకద్దుకుంటూ, టీచరుగారూ ఆవిడకు చెప్పండి, తండ్రి పోయినప్పుడు బిందె గురించి ఎవరూ ఆలోచించరు అంది. నిజానికి ఆ దొర్లడంలో మంచి భావం ఉందండీ అంది టీచరుగారు. డాక్టరు వచ్చాడు. నా ప్రయత్నం నేను చేశానండీ అన్నాడు. మొదటిసారి ఆయన మాట నా చెవికెక్కలేదు. మెట్ల కింద బిందె ఎటు పోయిందో చూపిస్తారేమోనని చూస్తున్నాను. చూపించలేదు.

మర్నాడు మరిది తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. తువ్వాలు జారినప్పుడు చూశాను. వెనకంతా కోడి పీకినట్టుంది. కాయల తొడిమలు కోసే కత్తెరతో కత్తిరించిందట.

ఇక మిగిలింది నా మాట. తప్పు జరిగిందని నాకు తెలుసు. కాని తప్పయిందని ఎవరికీ చెప్పిన అలవాటు లేదు. మా ఆయనకు కూడా ఎప్పుడూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. కాయలు ముందేసుకుని కూర్చున్నాక, టీచరుగారూ, ఆవిడకు చెప్పండి, నేను ఆ రోజు అన్నమాట వెనక్కి తీసుకుంటున్నానని అన్నాను.

టీచరుగారు చేతిలో కత్తి కింద పెట్టింది.

"ఇది మాత్రం నేను మోసుకెళ్ళనండి, పెద్దమ్మగారూ. ఇది మీరే చెప్పుకోవాలి."

ఇన్నేళ్ళలో నన్ను కాదన్నది అదే మొదలు. ఇక నాకు మేక తప్ప దిక్కు లేకపోయింది. మేకా, ఆవిడకు చెప్పవే అని మొదలుపెట్టాను. మేక ఎందుకో ఆ రోజు తొక్క నమలడం మాని నా వంకే చూసింది. మాట తడబడింది. మొత్తానికి చెప్పాను. మా తోటికోడలు కాయ చెక్కడం ఆపకుండానే, మేకా, అన్నది పాకలో, పదిమందిలో, వెనక్కి తీసుకోవలసిందీ అక్కడేనని ఆవిడకు చెప్పవే అంది. అందులో న్యాయం ఉంది. తీసుకున్నచోటే పెట్టాలి కదా, బిందెనైనా మాటనైనా.

పొద్దున్నే పాకకు వెళ్ళాను. పాక అంటే ఇప్పుడు ఇనపరేకుల షెడ్డు, గంపల బదులు ప్లాస్టిక్ ట్రేలు. ఆగిరిపల్లి నుంచి ఆటోలో వచ్చిన ఆడపిల్లలు పదిమంది కాయలు వేరుచేస్తున్నారు. మా తోటికోడలు ముందే వచ్చి, బోర్లించిన ట్రే మీద వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. మంచి చీర కట్టుకుంది. సీసా తెచ్చుకోలేదు. ఆ సంగతి నేను గమనించాను.

పైట సర్దుకుని, అమ్మాయిలూ, ఒక్క మాట వినండి అన్నాను. ఫోనులో పాట పెట్టుకున్న పిల్ల దాన్ని కట్టేసింది.

"మా తోటికోడలు నా బిందె దొంగతనం చెయ్యలేదు."

కాయలు చేతుల్లోనే ఉండిపోయాయి. ఇంకేమైనా చెబుతానేమోనని చూశారు. నాకు చెప్పవలసింది అంతే. చివరనున్న పిల్ల, ఏం బిందండీ అంది. ఇత్తడిదన్నాను. ఎప్పుడు పోయిందండీ అని ఇంకొకామె. యాభై ఏళ్ళయిందన్నాను. వాళ్ళలో ఎవరికీ యాభై ఏళ్ళు లేవు. మరి అప్పుడు ఎవరు తీశారనుకున్నారండీ అని మొదటి పిల్ల మళ్ళీ అడిగింది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఈవిడే అనుకున్నానన్నాను. పదిమందీ ఒక్కసారిగా తిరిగి మా తోటికోడల్ని చూశారు. చూసి, తమ పక్కనున్న టిఫిను డబ్బాలు కాస్త దగ్గరకు జరుపుకున్నారు. కావాలని చేసి ఉండరు. చెయ్యి దానంతటదే వెళుతుంది.

మధ్యాహ్నానికి ఆటో అబ్బాయి మరిదిని ఆపి, అమ్మగారి మీద ఏదో బిందె కేసట కదండీ అని అడిగాడు. సాయంత్రానికి హనుమాన్ జంక్షన్‌లో ఉండే మా ఆడపడుచు ఫోను చేసింది. బిందె దొరికిందట కదా వదినా, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచిందట అంది.

ఆ ఫోను పెట్టానో లేదో, మా తోటికోడలు వచ్చింది. వసారా దగ్గర ఆగలేదు. టీచరుగారు లేదు, మేక వంక చూడలేదు. హాలు దాటి, యాభై ఏళ్ళుగా గడప తొక్కని వంటింట్లోకి నేరుగా వచ్చి నా ముందు నిలబడింది.

"ఏమక్కా, నీకసలు బుద్ధుందా?"

నేను కూర తరుగుతున్నాను. తరగడం ఆపాను.

"నన్ను దొంగన్న సంగతి తెలిసినవాళ్ళంతా పోయారు. మన నలుగురితో అదీ పోయేది. ఇవాళ పొద్దున్నే ఆగిరిపల్లి మొత్తానికి చెప్పి కూర్చున్నావు."

పాకలో చెప్పమన్నది తనేనని గుర్తుచేద్దామనుకున్నాను. ఆమె సందివ్వలేదు. బిందెతో మొదలుపెట్టి అక్కడినుంచి వరసగా దిగింది. నేను మా అత్తగారికి తన మీద చెప్పినవీ, తన చంటిపిల్లాడికి జ్వరమొచ్చినప్పుడు గోడ ఇవతల నుంచి మేకకు మందు పేరు చెప్పి ఊరుకున్నదీ, కన్నీళ్ళ నటిని ముక్కు తుడుచుకోదన్నదీ. టీచరుగారు ఇన్నేళ్ళూ నీ మాటలకు పంచదార పూసి ఇస్తే తెలియనిదాన్లా ఊరుకున్నాను, నాకు చెవులు లేవనుకున్నావా అంది. పంచదార లేకుండా ఆమె మాట నేరుగా వినడం నాకు కొత్తగా ఉంది. ఎంత కారం.

తిట్టి తిట్టి గొంతు ఎండింది. అలవాటుగా చంకలోకి చెయ్యి పోయింది, సీసా లేదు. మాట ఆపకుండానే అరలోంచి గ్లాసు తీసి, స్టీలు బిందెలో ముంచి, గటగటా తాగింది. తాగి, మూతి తుడుచుకుని, ఎక్కడున్నాను అని గ్లాసు వంక చూసింది. నా వంక చూసింది. నేను కూర వంక చూశాను.

"టిన్ను నీళ్ళా?" అంది.

తలూపాను.

"చప్పగా ఉన్నాయి. యాభై ఏళ్ళు ఆగింది వీటికోసమా."

మళ్ళీ అందుకుంది. ఈసారి మా పెద్దమ్మాయి పెళ్ళి ఆల్బంతో. నేను లేచి ఆమె చేతిలో గ్లాసు తీసుకుని, బిందెలో ముంచి, నిండుగా ఆమె ముందు పెట్టాను. పీట కూడా జరిపాను.

"ఇంకా చాలా ఉన్నట్టుంది," అన్నాను. "కూర్చుని, తాగుతూ చెప్పు."